26 × 1 3/8 సైకిల్‌కి రిమ్ బ్రేకులు పట్టే అల్యూమినియం రిమ్ములు ఎలా వెతకాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారు వాడిన పాత సైకిల్‌ని మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటున్నారు. టైరు మీద 26 × 1 3/8 అని ఉంది. స్టీలు రిమ్ములు తుప్పు పట్టాయి, వానలో బ్రేకులు అసలు పట్టడం లేదు. అల్యూమినియం రిమ్ములు వేయమంటే దుకాణంలో “ఇరవై ఆరే కదా” అని ఎంటీబీ (మౌంటెన్ బైక్) రిమ్ముతో ముందు చక్రం కట్టిచ్చారు. ఇప్పుడు బ్రేకు రబ్బర్లు రిమ్ముకి కాకుండా టైరు పక్కకి తగులుతున్నాయి. సరైన రిమ్ము ఎక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

అన్నిటికంటే ముందు, ఆ చక్రంతో సైకిల్ తొక్కకండి. బ్రేకు పట్టిన ప్రతిసారీ రబ్బరు టైరు గోడని కోస్తుంది. గోడ లోపలి దారాలు తెగాయంటే ట్యూబు బయటికి ఉబ్బి పేలుతుంది. అది ముందు చక్రమైతే మనిషి ముఖం మీద పడతాడు. పాత చక్రం తుప్పు పట్టినా సరే, కొత్తది దొరికేదాకా అదే వేసుకోండి.

ఇక అసలు విషయం. మీరు వెతకాల్సింది 26 అనే అంకె కోసం కాదు, 590 కోసం. టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెప్పే అంకె అది. మీ టైరు పక్కన చిన్న అక్షరాలతో 37-590 అని అచ్చు వేసి ఉండాలి. 37 అంటే టైరు వెడల్పు, 590 అంటే రిమ్ము. ఎంటీబీ 26 రిమ్ము 559. రెండింటికీ వ్యాసంలో 31 మి.మీ. తేడా, అంటే బ్రేకు దగ్గర 15.5 మి.మీ. కిందికి దిగిపోయింది రిమ్ము. రబ్బరు టైరుకి తగలడానికి కారణం ఇంతే. మెకానిక్ ఎంత సర్దినా ఆ దూరం పూడదు.

ఒకే 26 అనే పేరుకి ఇన్ని రిమ్ములు ఎందుకు వచ్చాయో తెలిస్తే ఇకముందు ఎవరూ మిమ్మల్ని తప్పుదారి పట్టించలేరు. పాత రోజుల్లో సైజు అంటే గాలి కొట్టిన టైరు బయటి కొలత. ఫ్రాన్స్‌లో 650 అని, ఇంగ్లండ్‌లో 26 అంగుళాలని పిలిచేవారు. బయటి కొలత మారకుండా లావు టైరు వేయాలంటే లోపలి రిమ్ము చిన్నది కావాలి. అలా సన్న టైరుకి 650ఎ, మధ్యరకానికి 650బి, లావుదానికి 650సి వచ్చాయి. రిమ్ము కొలతలు వరుసగా 590, 584, 571. ఆ తర్వాత అమెరికా నుంచి 559 వచ్చింది, అదే ఎంటీబీలతో ప్రపంచమంతా పాకింది. ఇవి కాక 597 ఒకటుంది. ఈ ఐదింటినీ ఎక్కడో ఒకచోట 26 అనే అన్నారు. అందుకే దుకాణంలో 26 అని అడిగితే దుకాణంలో ఏ 26 ఉంటే అది ఇస్తారు. ఇంకో చిక్కు: 26 × 1 3/8 కీ 26 × 1.375 కీ లెక్కల్లో తేడా లేదు, సైకిళ్లలో ఉంది. భిన్నంలో రాసిన టైరు, దశాంశంలో రాసిన టైరు ఒకే రిమ్ముకి పట్టవని గుర్తుపెట్టుకోండి.

టైరు మీద అంకెలు చెరిగిపోతే, లేదా సంతలో ఒక పాత రిమ్ము చేతికొస్తే, దర్జీ టేపుతో తేల్చవచ్చు. వ్యాసాన్ని అడ్డంగా కొలవకండి. చక్రం మధ్యలో ఇరుసు ఉండే హబ్బు అడ్డొస్తుంది, రెండు మూడు మిల్లీమీటర్లు పోతాయి, ఇక్కడ ఆ రెండు మూడే కీలకం. టైరు విప్పేసి రిమ్ము బయటి అంచు చుట్టూ టేపు తిప్పండి. రిమ్ము అంచు మామూలుగా 6 మి.మీ. ఎత్తుంటుంది కాబట్టి 590 రిమ్ము చుట్టుకొలత 1890 మి.మీ. దగ్గర వస్తుంది. 584 అయితే 1872, 559 అయితే 1794, 597 అయితే 1913. అంచు ఎత్తు రిమ్మురిమ్ముకీ కొంచెం మారుతుంది, అందుకని అటూ ఇటూ ఐదారు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. అయినా ఒక సైజుకీ ఇంకో సైజుకీ మధ్య దూరం 18 మి.మీ. పైనే ఉంది కాబట్టి పొరబడే అవకాశం లేదు. కొనబోయే రిమ్ము ముందు కొలిచి, తర్వాతే డబ్బులివ్వండి. స్టిక్కరు మీద ఏముందో పట్టించుకోవద్దు.

సైజు ఒక్కటే సరిపోదు. ఆ రిమ్ముకి బ్రేకు పట్టే గోడ ఉండాలి. ఈరోజుల్లో దొరికే మంచి రిమ్ముల్లో చాలావరకు డిస్క్ బ్రేకుల కోసం చేసినవి. వాటి పక్కలు గుండ్రంగా, ఏటవాలుగా ఉంటాయి, నల్ల రంగు వేసి ఉంటాయి. వాటి మీద రబ్బరు పట్టదు, పట్టినా రంగు లేచిపోయి పలుచని లోహం అరిగిపోతుంది. రిమ్ బ్రేకుకి పనికొచ్చే రిమ్మును చేతిలో పట్టుకుంటే తెలిసిపోతుంది. రెండు పక్కలా నిటారుగా, ఒకదానికొకటి సమాంతరంగా చదునైన పట్టీ ఉంటుంది. మంచి రకాల్లో ఆ పట్టీని మెషీన్ మీద చెక్కుతారు, వేలితో రాస్తే సన్న గీతలు తగులుతాయి. పట్టీ ఎత్తు మీ బ్రేకు రబ్బరు ఎత్తుకంటే తక్కువ కాకూడదు. రిమ్ము అతుకు దగ్గర వేలు పెట్టి చూడండి. అక్కడ మెట్టులా తగిలితే బ్రేకు పట్టిన ప్రతి చుట్టుకీ టక్ టక్‌మని కొడుతుంది, వద్దని చెప్పేయండి.

స్టీలు నుంచి అల్యూమినియంకి మారాలన్న మీ ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైనది. క్రోమ్ పూసిన స్టీలు మీద నీటి పొర నిలుస్తుంది, రబ్బరు దాన్ని తుడవలేదు. తడి క్రోమ్ మీద బ్రేకు వేయడమంటే సబ్బు నురగతో ఉన్న స్టీలు గిన్నెని పట్టుకోవడమే. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఇందుకోసమే తోలు ముఖం పెట్టిన బ్రేకు రబ్బర్లు చేసేవారు. అల్యూమినియం రిమ్ము ఒకటి రెండు చుట్లలో నీళ్లు తుడుచుకుని పట్టు అందుకుంటుంది. కోస్తాలో వానాకాలంలో సైకిల్ తొక్కేవాళ్లకి ఈ తేడా ప్రాణాలకి సంబంధించింది. అందుకే డబ్బు తక్కువుంటే ముందు చక్రం ఒక్కటైనా అల్యూమినియం చేయించుకోండి అని అందరికీ చెబుతుంటాను. గట్టి బ్రేకులో బరువంతా ముందు చక్రం మీదికే వస్తుంది, ఆపేది అదే.

మొదటి ప్రయత్నం 590 అల్యూమినియం రిమ్ము కోసమే చేయండి. సైజు మార్చడం తర్వాతి మాట. కారణం టైర్లు. మన దేశంలో 26 × 1 3/8 టైరు, ట్యూబు మండల కేంద్రంలో సైకిల్ షాపులో కూడా దొరుకుతాయి. రాల్సన్ లాంటి కంపెనీలవి ఎప్పుడూ ఉంటాయి. రిమ్ము జీవితంలో ఒకసారి కొంటారు, టైరు ఎన్నోసార్లు. అరుదైన వస్తువు కోసం ఒక్కసారి కష్టపడి, తరచూ మార్చే వస్తువు సులువుగా దొరికేలా చూసుకోవడమే తెలివైన పని. సైజు మార్చమని సలహా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికా వీడియోలు చూసి చెబుతారు. అక్కడ 590లో మంచి టైర్లు తక్కువ రకాలే దొరుకుతాయి కాబట్టి వాళ్ల లెక్క వేరు.

ఎక్కడ వెతకాలి? రిటైల్ షాపులో అడిగి లాభం లేదు, స్పేర్ పార్టులు హోల్‌సేల్‌గా అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లండి. పాత సైకిల్ నుంచి విప్పిన రిమ్మునో, టేపుతో తీసిన కొలతనో పట్టుకెళ్లి “590, అల్యూమినియం, రిమ్ బ్రేకుది” అని మూడు మాటలూ కలిపి అడగండి. మన సైకిల్ పరిశ్రమకి గుండెకాయ లూధియానా. ఢిల్లీలో ఝండేవాలాన్ సైకిల్ మార్కెట్ పెద్దది. అటు వెళ్లే తెలిసినవాళ్లుంటే, లేదా ఫోన్‌లో ఫొటో పంపి మాట్లాడగలిగితే ప్రయత్నించవచ్చు. ఫొటో అడిగేటప్పుడు రిమ్ము చుట్టూ టేపు తిప్పిన ఫొటో కావాలనండి. ఒట్టి స్టిక్కరు ఫొటో పంపితే ఆర్డరు ఇవ్వకండి.

బయటి దేశాల్లో అయితే జపాన్ ముందు చూడాలి. అక్కడ ఇంటి పనులకీ స్టేషన్‌కీ వాడే బుట్ట సైకిళ్లలో 26 × 1 3/8 మామూలు సైజు, అదీ మన 590యే. ముందు రిమ్ బ్రేకు కూడా ఉంటుంది. అరాయా అనే పాత జపాన్ కంపెనీ ఈ రకం రిమ్ములకి పేరున్నది. అమెరికాలో సన్ వాళ్ల సీఆర్18 అనే రిమ్ము ఈ సైజులో వచ్చింది. డబుల్ వాల్, అంటే రెండు పొరలది, 22.5 మి.మీ. వెడల్పు, పక్కలు చదును. పాత ఇంగ్లిష్ మూడు గేర్ల సైకిళ్లని బాగుచేసుకునేవాళ్లు ఎక్కువగా దాన్నే వేసుకున్నారు. నిల్వ ఉందో లేదో కొనేముందు అడిగి తెలుసుకోండి.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడి పాత ష్విన్ సైకిళ్ల టైర్ల మీద కూడా 26 × 1 3/8 అనే ఉంటుంది, పక్కన ఎస్-5 అనో ఎస్-6 అనో ఉంటుంది. అది 597. మీ టైరు దాని మీదికి ఎక్కదు. అన్నయ్యో, బావగారో ప్రేమగా కొనుక్కొచ్చిన రిమ్ము గోడకి తగిలించుకోవాల్సి వస్తుంది. వాళ్లకి రాసి పంపేటప్పుడు 590 అనే రాయండి, అంగుళాల లెక్క అసలు రాయకండి.

రిమ్ము విమానంలో ఎలా తెస్తారని భయపడతారు గానీ అది పెద్ద సమస్య కాదు. చాలా ఎయిర్‌లైన్స్‌లో చెక్-ఇన్ సామానుకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెం.మీ. దాకా ఒప్పుకుంటారు. రెండు రిమ్ములు ఒకదానిమీద ఒకటి పెట్టి కడితే 61, 61, 6 కలిపి 128 సెం.మీ. మించదు. బరువు రెండూ కలిపి కిలో చుట్టుపక్కల. మధ్యలో అట్టముక్క పెట్టి, చుట్టూ ఇంకో అట్ట చుట్టి టేపు వేస్తే చాలు. అదే పెట్టెలో స్పోకులు, బ్రేకు రబ్బర్లు కూడా సర్దేయవచ్చు. తెప్పించేటప్పుడు రెండు రిమ్ములూ ఒకేసారి తెప్పించండి. రిమ్ బ్రేకు రిమ్ములు చేసేవాళ్లు తగ్గిపోతున్నారు, మళ్లీ ఏడాదికి అదే మోడల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

ఆర్డరు పెట్టేముందు హబ్బు చిల్లులు లెక్కపెట్టండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మన పాత సైకిళ్లు ఇంగ్లిష్ పద్ధతిలో ముందు 32, వెనక 40 స్పోకులతో వచ్చేవి. కొన్నింటికి రెండు వైపులా 36. ముందు 32 దొరకడం కష్టం కాదు. 40 చిల్లుల అల్యూమినియం రిమ్ము దొరకడం మాత్రం చాలా కష్టం. రిమ్ముకి కొత్త చిల్లులు వేసి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్పోకు లాగే చోట చిల్లు ఏ కోణంలో ఉండాలో కంపెనీ చూసుకుని వేస్తుంది, చేతి డ్రిల్లుతో వేస్తే అక్కడే పగులు మొదలవుతుంది. వెనక 40 ఉంటే హబ్బు కూడా 36 చిల్లులది మార్చుకోవడం మేలు. అప్పుడు రెండు కొలతలు చూడాలి. వెనక ఇరుసు కూర్చునే ఫ్రేమ్ చెవుల మధ్య ఖాళీ ఇలాంటి సింగిల్ స్పీడ్ సైకిళ్లలో 110 నుంచి 120 మి.మీ. ఉంటుంది, గేర్ల సైకిళ్ల 135 మి.మీ. హబ్బు అందులో పట్టదు. ముందు హబ్బు మార్చాల్సొస్తే ఇరుసు మందం చూడండి. పాత ఫోర్కు గాడి 8 మి.మీ. ఇరుసుకి చేసింది, కొత్త హబ్బులకి 9 మి.మీ. ఉంటుంది. ఆకురాయితో గాడిని రెండు పక్కలా సమానంగా కొంచెం రాయిస్తే సరిపోతుంది. హబ్బు బాగుంటే మాత్రం మార్చకండి. పాత స్టీలు హబ్బులు గోళీలు మార్చి గ్రీజు పెడితే ఇంకా చాలాకాలం తిరుగుతాయి.

ఇంత తిరిగినా 590 దొరకలేదనుకుందాం. అప్పుడు ఏ సైజుకి మారవచ్చో తేల్చేది మీ బ్రేకు. ఫోర్కు తల దగ్గర బ్రేకుని బిగించిన బోల్టు ఉంది కదా, దాని మధ్య నుంచి రిమ్ము పట్టీ మధ్య దాకా నిట్టనిలువుగా కొలవండి. పాత చక్రం వేసి కొలవాలి సుమా. మీ సైకిల్‌లో అది 65 మి.మీ. వచ్చిందనుకోండి. 584 రిమ్ము వేస్తే 68 అవుతుంది, మూడే మి.మీ. తేడా. 622 (700సి అనే సైజు) వేస్తే 49కి తగ్గుతుంది. 559 వేస్తే 80 దాటుతుంది. ఇప్పుడు బ్రేకు చేతుల్లో నిలువు గాడి చూడండి, రబ్బరు బోల్టు అందులోనే పైకీ కిందికీ జరుగుతుంది. బోల్టు గాడి మధ్యలో ఉంటే, దానికింద ఇంకో మూడు నాలుగు మి.మీ. ఖాళీ కనిపిస్తే, 584కి పాత బ్రేకే చాలు. బోల్టు ఇప్పటికే గాడి అడుక్కి తగిలి ఉంటే పొడవు చేతుల బ్రేకు కొనాలి. టెక్ట్రో ఆర్559 అనే బ్రేకు 55 నుంచి 73 మి.మీ. దాకా అందుతుంది. డయా-కాంపే 750 లాంటి, కేబుల్ మధ్యలోంచి లాగే సెంటర్‌పుల్ రకాలు 61 నుంచి 78 దాకా అందుతాయి, కానీ వాటికి కేబుల్ ఆపడానికి ఒక బ్రాకెట్ అదనంగా బిగించాలి. చేతులు పొడవయ్యేకొద్దీ పట్టు తగ్గుతుంది, అందుకే అందుతోంది కదా అని అవసరానికి మించి పొడవు బ్రేకు తీసుకోవద్దు.

మారక తప్పదంటే నా ఓటు 584కే. పాత 590 రిమ్ము, 37 టైరుతో చక్రం వ్యాసార్ధం 332 మి.మీ. 584 రిమ్ముకి 40 టైరు వేస్తే సరిగ్గా అదే 332. పెడల్ ఎత్తు, మడ్‌గార్డు ఖాళీ ఏదీ మారదు. ఫ్రేమ్ చేసినవాళ్లు అనుకున్నట్టే సైకిల్ నడుస్తుంది. అయితే ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. ఈ సైజుని ఎంటీబీ ప్రపంచం 27.5 అనే పేరుతో తిరిగి తెచ్చింది. అప్పటికే డిస్క్ బ్రేకులు వచ్చేశాయి కాబట్టి దొరికే 27.5 రిమ్ముల్లో ఎక్కువభాగం డిస్క్‌వే. టూరింగ్, పాత ఫ్రెంచ్ తరహా సైకిళ్ల కోసం చేసిన 650బి రిమ్ములు అడగాలి, వాటికి బ్రేకు పట్టీ ఉంటుంది. రెండోది టైరు వెడల్పు. షాపుల్లో కనిపించే 27.5 ఎంటీబీ టైర్లు 50 మి.మీ. చుట్టుపక్కల ఉంటాయి, మీ ఫ్రేమ్‌లో పట్టవు. 40-584 అని రాసి ఉన్నది కావాలి. 26 × 1 1/2 అనే పేరుతో కూడా ఇది వస్తుంది. టైరు ముందు సంపాదించి, తర్వాత రిమ్ము కొనండి.

622, అంటే 700సి, వేయమనేవాళ్లు కూడా ఉంటారు. ఇందులో రిమ్ములు తేలిగ్గా దొరుకుతాయి, పొట్టి చేతుల బ్రేకుకి పట్టు కూడా ఎక్కువే. కానీ చక్రం పెద్దదవుతుంది. 25 మి.మీ. సన్న టైరు వేసినా వ్యాసార్ధం 336. అంటే ఫోర్కు కింద ఉన్న కాస్త ఖాళీలో నాలుగు మి.మీ. పోయినట్టే. మడ్‌గార్డులు తీసేయాల్సిరావచ్చు. మన రోడ్ల మీద, వానలో, వెనక క్యారేజీ ఉన్న సైకిల్‌కి 25 టైరు నాకు నచ్చదు. నగరంలో మంచి రోడ్ల మీద మాత్రమే తొక్కేవాళ్లు ఆలోచించవచ్చు. మీ సైకిల్‌కి వద్దంటాను.

559 సంగతి చెప్పేశాను. అంత పొడవు బ్రేకు దొరకదు, దొరికినా వంగుతుంది. పైగా అదే 37 టైరు వేస్తే సైకిల్ 15 మి.మీ. కిందికి దిగుతుంది, మలుపులో పెడల్ నేలకి తగులుతుంది. దుకాణదారుతో గొడవ అక్కర్లేదు, ఈ కొలతలు చూపించి రిమ్ము వెనక్కి తీసుకోమని అడగండి. 

పాత రిమ్ము ఏదైనా దొరికితే తీసుకోవచ్చా అని కూడా కింద వ్యాఖ్యల్లో ఎవరో అడిగారు. తీసుకోవచ్చు, అరుగుదల చూసి. అల్యూమినియం రిమ్ము బ్రేకు పట్టీ ఏళ్ల తరబడి రాపిడికి మధ్యలో గుంట పడుతుంది. ఒక స్టీలు స్కేలు అంచుని పట్టీ మీద నిలువుగా ఆనించి వెలుతురుకి పెట్టి చూడండి. స్కేలుకీ రిమ్ముకీ మధ్య వెలుగు కనిపిస్తే ఆ గోడ పలచబడింది. లోపల గాలి ఒత్తిడికి అలాంటి గోడ ఒకరోజు చీలిపోతుంది, అదీ గట్టిగా బ్రేకు పట్టినప్పుడే. కొన్ని రిమ్ములకి పట్టీ మీద సన్న గాడి గానీ చుక్క గానీ ఉంటుంది. అది అరిగి కనిపించకుండా పోయిందంటే రిమ్ము పని అయిపోయినట్టే. స్పోకు చిల్లుల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో కూడా చూడండి.

రిమ్ము దొరికాక పాత స్పోకులనే వాడదామని మెకానిక్ అంటాడు. ఒప్పుకోకండి. తుప్పు సంగతి అటుంచి, పొడవు సరిపోదు. మీ స్టీలు రిమ్ము ఒకే పొరది, కొత్తది రెండు పొరలదైతే నిపుల్ (స్పోకు కొనకి బిగించే చిన్న నట్టు) కూర్చునే చోటు లోపలికి, అంటే హబ్బుకి దగ్గరగా వస్తుంది. ఆ వ్యాసంలో 10 మి.మీ. తేడా ఉంటే స్పోకు 5 మి.మీ. పొట్టిది కావాలి. ఈ కొలత తీయడం సులువే. రెండు పాత స్పోకుల తల వంపు కోసేసి, నిపుల్ బిగించి, కోసిన కొన నుంచి నిపుల్ మీద స్క్రూడ్రైవర్ గాడి అడుగు దాకా కచ్చితంగా 250 మి.మీ. ఉండేలా చేయండి. ఎదురెదురు చిల్లుల్లోంచి రెండూ లోపలికి దూర్చి లాగి పట్టుకోండి. కొనల మధ్య మిగిలిన ఖాళీ కొలిచి దానికి 500 కలపండి. రిమ్ము అంతా గుండ్రంగా ఉండకపోవచ్చు కాబట్టి మూడు నాలుగు చోట్ల తీసి సగటు వేయండి. స్పోకు పొడవు లెక్కకి కావాల్సిన ముఖ్యమైన అంకె అదే.

వాల్వు చిల్లు కూడా చూసుకోండి. మన ట్యూబుల్లో వాడే వుడ్స్ వాల్వుకి 8 మి.మీ. పైన చిల్లు కావాలి. విదేశీ టూరింగ్ రిమ్ములు కొన్నింటికి సన్న ప్రెస్టా వాల్వు కోసం 6.5 మి.మీ. చిల్లే ఉంటుంది. స్పోకు చిల్లులకి డ్రిల్లు వద్దన్నాను గానీ, వెడల్పైన రిమ్ముకి వాల్వు చిల్లు 8.5 మి.మీ.కి పెంచవచ్చు. అక్కడ లాగే బలం లేదు. అంచులు ఆకురాయితో నునుపు చేయించండి, లేకపోతే ట్యూబు వాల్వు మొదట్లో కోసుకుపోతుంది. రెండు పొరల రిమ్ములో లోపలి చిల్లులు పెద్దవి, వాటి మీద పలుచని రబ్బరు పట్టీ నిలవదు. గుడ్డ రిమ్ టేపు వేయించండి.

బ్రేకు రబ్బర్లు మాత్రం కొత్తవే వేయాలి. పాత రబ్బర్లలో స్టీలు రిమ్ము తుప్పు రజను దిగి ఉంటుంది, మెత్తని అల్యూమినియంని అది గీరేస్తుంది. తడిలో పట్టుకి కూల్-స్టాప్ వాళ్ల ఇటుక రంగు రబ్బర్లు మంచివి. దొరక్కపోతే పేరున్న కంపెనీది ఏదైనా సరే, గట్టిగా గాజులా మెరిసేది కాకుండా చూసుకోండి. బిగించేటప్పుడు రబ్బరు పై అంచు టైరుకి ఒకటి రెండు మి.మీ. కిందే ఉండాలి, కింది అంచు పట్టీ దాటి స్పోకుల వైపు వేలాడకూడదు. కొత్త చక్రం కొన్నాళ్లు తిరిగాక స్పోకులు సర్దుకుని టెన్షన్ తగ్గుతుంది. అప్పుడు ఒకసారి బెండు తీయించి, బ్రేకు మళ్లీ సరిచేయించుకోండి.

తాతగారి పెద్ద సైకిల్ గురించి అడిగినవారికి కూడా ఒక మాట. అది 28 × 1 1/2, రిమ్ము 635. కడ్డీ బ్రేకులున్న సైకిల్‌కి నేను చెప్పినదేదీ వర్తించదు. ఆ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కల్ని కాక, హబ్బు వైపున్న లోపలి ముఖాన్ని పట్టుకుని పైకి లాగుతాయి. మామూలు అల్యూమినియం రిమ్ముకి ఆ ముఖం మీద చోటే ఉండదు. దానికి స్టీలు రిమ్మే వేసుకుని బ్రేకు బాగా సర్దించుకోవడం మంచిది. మార్చాలంటే బ్రేకులతో సహా అంతా మార్చాలి, అప్పుడు 622 రిమ్ము 6.5 మి.మీ. తేడాతో సరిపోతుంది.

మీరు చేయాల్సింది ఇప్పటికి మూడు కొలతలు తీయడం: పాత రిమ్ము చుట్టుకొలత, బ్రేకు బోల్టు నుంచి పట్టీ మధ్య దాకా దూరం, రెండు హబ్బుల చిల్లుల లెక్క. వీటితోపాటు బ్రేకు చేతుల గాడి ఫొటో ఒకటి దగ్గరగా తీసి పెట్టండి. రిమ్ము చేతికొచ్చాక హబ్బు ఫ్లాంజి (స్పోకులు తగిలించే అంచు) కొలతలు కూడా రాస్తే స్పోకుల పొడవు లెక్కగట్టి చెబుతాను.